గూగుల్‌లో మాట కొనేముందు

ఈ మధ్య గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు వైపు ఏ వీధికి వెళ్ళినా ఇంట్లో పచ్చళ్ళు పెట్టి, కారాలు కొట్టించి అమ్ముతున్న ఆడవాళ్ళు ఒకరిద్దరైనా కనిపిస్తున్నారు. ముందు చుట్టాలకు, తర్వాత చుట్టాల చుట్టాలకు, ఆ పైన వాట్సాప్ గ్రూపుల్లో. అక్కడిదాకా బాగానే సాగుతుంది. తర్వాత ఎవరో ఒకరు చెప్తారు, "గూగుల్‌లో యాడ్ పెట్టు, ఎక్కడెక్కడి నుంచో ఆర్డర్లు వస్తాయి" అని. సరేనని కూర్చుంటే మొదటి మెట్టు మీదే ఒక ప్రశ్న అడ్డం వస్తుంది: మీ కీవర్డులు ఏమిటి?

మా వీధిలో ఒక వదిన సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. "నీకు చదువుంది కదమ్మా, కాస్త చూసిపెట్టు" అంది. "నేను చదివింది తెలుగు బి.ఏ. వదినా, కంప్యూటర్లు కాదు" అన్నాను. కానీ ఆవిడ పక్కన నాలుగు రోజులు కూర్చుని చూశాక నాకు గట్టిగా అనిపించింది ఒకటే. ఇందులో కంప్యూటర్ పని పావలా, భాష పని ముప్పావలా. అందులోనూ వంటింట్లో పుట్టిన భాష. ఆ భాష మన దగ్గర ఉండగా, ఇంగ్లీషు బాగా వచ్చిన ఎవరికో నెలకు ఇంతని కట్టి మాటలు ఎంచుకోమని అప్పగించడం నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ముందు ఇందులో ఎంత డబ్బు ముడిపడి ఉందో చూద్దాం. 2025 మొదట్లో మిర్చి ధర పడిపోయినప్పుడు మన జిల్లాల్లో ఇళ్ళు ఎలా ఉన్నాయో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేసింది. కిలోకు 118 రూపాయలు కూడా పడలేదన్నమాట. అదే కాయ తొడిమ తీసి, ఎండబెట్టి, కారం కొట్టించి ప్యాకెట్లో పోస్తే కిలో ఎంత పలుకుతుందో మీ ఊరి కొట్లో అడిగి చూడండి. ఆ తేడా చూసే చాలా రైతు ఇళ్ళలో ఆడవాళ్ళు "మన కాయ మనమే కారం చేసి అమ్ముకుంటే పోలా" అనుకున్నారు. మంచి ఆలోచనే. కాకపోతే ఆ తేడా అంతా ప్రకటనల ఖర్చుకే పోతే ఇంటికి మిగిలేదేమిటి? మాట సరిగ్గా ఎంచుకోకపోతే జరిగేది అదే.

కీవర్డు అంటే బ్రహ్మపదార్థం ఏమీ కాదు. మనుషులు గూగుల్‌లో టైపు చేసే మాట, లేదా ఫోను నోటి దగ్గర పెట్టుకుని పలికే మాట. ఫలానా మాట ఎవరైనా వెతికితే మా ప్రకటన చూపించు అని మనం ముందే చెప్పి పెట్టుకుంటాం. కనిపించినంత మాత్రాన డబ్బు పోదు. ఎవరైనా దాని మీద నొక్కితే పోతుంది, వాళ్ళు కొన్నా కొనకపోయినా. 2000 అక్టోబరులో గూగుల్ ఈ ప్రకటనల వ్యాపారం మొదలుపెట్టినప్పుడు దాని పేరు యాడ్‌వర్డ్స్. 2018లో గూగుల్ యాడ్స్ అని మార్చారు గానీ, సరుకు మాత్రం ఆ పాత పేరులో ఉన్నదే, మాటలు. మన తెలుగులో పలికి వెతికే వీలు 2017లో వచ్చింది. తెలుగులో ప్రకటనలు పెట్టుకునే వీలు 2018లో వచ్చింది. కాబట్టి "ఇంగ్లీషు రాదు కాబట్టి మనకెందుకు" అనే మాటకు ఇప్పుడు చోటు లేదు.

ధర ఎలా కుదురుతుందో మిర్చి యార్డు చూసినవాళ్ళకు తేలిగ్గా అర్థమవుతుంది. ఒక్కో వెతుకులాటకూ ఒక్కో వేలం, కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. ఆ మాట మీద ఎవరెంత పెడతామన్నారో చూస్తారు. కానీ డబ్బొక్కటే చూడరు. యార్డులో కొనేవాళ్ళు టిక్కీలో చెయ్యి పెట్టి రంగు చూసి, తేమ చూసి, తాలు ఎంత కలిసిందో చూసినట్టే, గూగుల్ కూడా మన ప్రకటన ఆ మాటకు తగినదేనా, నొక్కితే వచ్చే పేజీలో ఆ సరుకే ఉందా అని చూస్తుంది. అతికినట్టు సరిపోయే ప్రకటన తక్కువ డబ్బుకే పైన కనపడవచ్చు. మనలాంటి చిన్నవాళ్ళకు ఉన్న ఆశ అంతా ఇక్కడే ఉంది. డబ్బులో పెద్ద కంపెనీలతో పోటీ పడలేం. అతకడంలో పడగలం.

అమరసింహుడు అమరకోశంలో ఒక వస్తువుకు ఉన్న పేర్లన్నీ ఒకచోట చేర్చాడు. ఒకే మాటకు ఉన్న వేరువేరు అర్థాలను మూడో కాండలో నానార్థ వర్గమని విడిగా పెట్టాడు. కీవర్డులు ఎంచుకోవడమంటే ఈ రెండు పనులే. ఒకటి పర్యాయపదాలు పోగుచేయడం, రెండు నానార్థాలు ఏరి పారేయడం.

నానార్థాల సంగతి ముందు చెప్తాను, డబ్బు ఎక్కువ కారేది అక్కడే. గుంటూరు కారం అమ్మేవాళ్ళు "గుంటూరు కారం" అనే మాటే కొనాలి కదా అనిపిస్తుంది. 2024 జనవరి 12న మహేష్ బాబు సినిమా అదే పేరుతో విడుదలైంది. అప్పటినుంచీ ఆ మాట వెతికేవాళ్ళలో పాటల కోసం వచ్చేవాళ్ళు ఎందరో, సినిమా ఎందులో చూడవచ్చో తెలుసుకోవడానికి వచ్చేవాళ్ళు ఎందరో. వాళ్ళు మన ప్రకటన మీద పొరపాటున నొక్కినా డబ్బు మనదే. పోనీ "మిర్చి" అందామా? అది 2013లో వచ్చిన ప్రభాస్ సినిమా. ఎఫ్ఎం రేడియో కూడా. సాయంత్రం బండి మీద బజ్జీ కూడా. వీటన్నిటికీ తోడు, ఇవాళ యార్డులో ధర ఎంత పలికిందో చూసుకునే రైతు వెతికేదీ ఆ మాటే. పాపం, ఆయన అమ్మడానికి వచ్చాడు, మన దగ్గర కొనడానికి కాదు.

ఇందుకోసమే గూగుల్‌లో "ఈ మాటలుంటే నా ప్రకటన చూపించవద్దు" అని చెప్పే వీలుంది. నెగెటివ్ కీవర్డులు అంటారు. నేను వాటిని "వద్దు మాటలు" అంటాను. మా వదిన పెట్టుకున్న వద్దు మాటల పట్టీలో సినిమా, పాట, ట్రైలర్, రేడియో, బజ్జీ, యార్డు, విత్తనాలు, నారు ఉన్నాయి. "ధర" అనే మాట కూడా పెట్టేద్దామంది. అది మాత్రం వద్దన్నాను. "మిర్చి ధర" వెతికేది రైతు. "కారం కిలో ధర" వెతికేది కొనబోయే ఇల్లాలు. ధర అనే మాటను మొత్తంగా కొట్టేస్తే ఆ ఇల్లాలు కూడా మన గుమ్మం దాకా రాదు. అందుకని "మిర్చి ధర" అని రెండు మాటలూ కలిపి వద్దన్నాం. బియ్యంలో రాయి ఏరేటప్పుడు గింజ కూడా పోకుండా చూసుకోవడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇంకో చిన్న సంగతి, ఇది తెలియక చాలామంది నష్టపోతున్నారు. గూగుల్ యాడ్స్‌లో మాటను ఊరికే అలా రాస్తే, దానికి కాస్త దగ్గరగా ఉన్న వాటన్నిటికీ ప్రకటన చూపిస్తారు. అదే మాటకు రెండువైపులా కొటేషన్ గుర్తులు పెడితే ఆ అర్థం ఉన్న వెతుకులాటలకే చూపిస్తారు. చదరపు బ్రాకెట్లో పెడితే ఇంకా బిగించి, అదే మాటకో అదే భావానికో చూపిస్తారు. చేతిలో డబ్బు తక్కువ ఉన్నప్పుడు బిగింపుగా మొదలుపెట్టడమే మంచిది. దారి తెలిశాక వదులు చేసుకోవచ్చు.

ఇక పర్యాయపదాలు. మన గుంటూరు వైపు పండుమిర్చి పచ్చడిని కొరివి కారం అంటాం. తెలంగాణలో అదే పండుమిర్చి తొక్కు. మన గోంగూర వాళ్ళకు పుంటికూర. హైదరాబాదులో ఉన్న కరీంనగర్ అమ్మాయికి మన గోంగూర పచ్చడి అమ్మాలంటే ఆమె అమ్మ ఏమని పిలుస్తుందో ఆ మాట కూడా మన పట్టీలో ఉండాలి. మన సాంబారు కారం సంగతి తీసుకోండి. మన ఇళ్ళలో అది ధనియాలు, జీలకర్ర, మెంతులు, వెల్లుల్లి పడిన కారం, కూరల్లో వేసేది. చెన్నైలో పెరిగిన తెలుగు పిల్లకు సాంబారు పొడి అంటే పప్పులు వేయించి కొట్టిన వేరే పొడి. ఆమె మన సీసా తెప్పించుకుని సాంబారులో వేసి, బాగాలేదని రాసిపెడుతుంది. తప్పు ఆమెది కాదు, మన కారానిదీ కాదు. ఒకే మాట రెండు ఊళ్ళలో రెండు వస్తువులు కావడం వల్ల వచ్చింది. అలాంటి చోట "కూర కారం" అని ఇంకో మాట జతచేసి, పేజీలో ఏమేమి వేశామో రాసుకోవాలి.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న పిల్లలు ఎక్కువమంది తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. ఆవకాయను ఒకరు ఒక ‘ఎ’తో రాస్తే ఇంకొకరు రెండింటితో రాస్తారు. అక్షరాల తేడాలను గూగుల్ చాలావరకు తనే సర్దుకుంటుంది. కానీ పుంటికూర, గోంగూర ఒకటేనని అది అన్నిసార్లూ సర్దుకుంటుందని నమ్మి కూర్చోలేం. ఆ జోడీ మనమే అందించాలి.

మాట దొరికాక, ఆ మాట వెనక మనిషి ఎందుకొచ్చిందో చూడాలి. "గోంగూర పచ్చడి ఎలా చేయాలి" అని వెతికే ఆమె పొయ్యి దగ్గర నిలబడి ఉంది. ఆమెకు సీసా అక్కర్లేదు, కొలతలు కావాలి. "గోంగూర పచ్చడి ఆన్‌లైన్", "అర కిలో", "హోమ్ డెలివరీ" అని వెతికే ఆమె పర్సు తెరిచి ఉంది. మధ్యలో ఇంకో రకం ఉంటుంది: "వెల్లుల్లి లేని ఆవకాయ", "నువ్వుల నూనె ఆవకాయ", "కారం తక్కువ ఆవకాయ పిల్లలకు", "తొడిమ తీసిన మిర్చి కారం". నా దృష్టిలో బంగారం ఇదే. వెల్లుల్లి తినని ఇంటివాళ్ళు కొట్లో దొరికేవన్నీ తిప్పి తిప్పి చూసి, ఏదీ కుదరక గూగుల్‌కి వచ్చారు. మన దగ్గర ఉందంటే బేరం కూడా ఆడరు. ఒకసారి నమ్మకం కుదిరితే ఏటా మన దగ్గరే.

"అమ్మ చేతి రుచి", "ప్రేమతో చేసిన పచ్చడి" లాంటివి ప్రకటనలో రాసుకుంటే రాసుకోండి గానీ, కీవర్డుగా కొనకండి. ఆకలేసినవాళ్ళు ప్రేమ అని వెతకరు, ఆవకాయ అని వెతుకుతారు.

ఇప్పుడు లెక్క. మన ఇళ్ళలో పచ్చడి కొలతలు నోటికి వచ్చినంతగా ఈ లెక్క కూడా రావాలి. అర కిలో గోంగూర పచ్చడి 300 రూపాయలకు అమ్ముతున్నారనుకుందాం. ఆకు, నూనె, కారం, సీసా, కొరియరు, మీ కూలి కూడా తీసేస్తే 90 రూపాయలు మిగులుతాయనుకుందాం. మీ కూలి తప్పకుండా తీసేయండి. ఆడవాళ్ళు ఇంట్లో చేసే పనికి కూలి వేసుకోకపోవడం వల్లే చాలా వ్యాపారాలు కాగితం మీద లాభంలో, ఒంట్లో నష్టంలో నడుస్తుంటాయి.

"పచ్చడి" అనే పెద్ద మాట కొన్నారనుకోండి. ఒక నొక్కుకు 6 రూపాయలు. వచ్చినవాళ్ళలో 30 మందికి ఒకరు కొన్నారు. ఆ ఒక్క సీసా అమ్మడానికి 180 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపితే 212 దాటింది. 90 మిగిలేచోట 212 పెట్టాం. ఎన్ని సీసాలు అమ్మితే అంత నష్టం. అదే "వెల్లుల్లి లేని గోంగూర పచ్చడి" కొన్నారనుకోండి. నొక్కుకు 8 రూపాయలు, చూడ్డానికి ఖరీదే. కానీ ఆరుగురిలో ఒకరు కొన్నారు. 48 రూపాయలు, జీఎస్టీతో 56 రూపాయల 64 పైసలు. సీసాకు 33 రూపాయల పైన మిగిలింది. చవక మాట ముంచింది, ఖరీదైన మాట నిలబెట్టింది. ఈ అంకెలు నేను లెక్క కోసం వేసినవి, మీ అంకెలు మీవి. సూత్రం మాత్రం ఒకటే. సీసాకు మిగిలే డబ్బును ఎంతమందికి ఒకరు కొంటున్నారో ఆ సంఖ్యతో భాగించండి. మొదటి లెక్కలో 90ని 30తో భాగిస్తే 3, రెండో దాంట్లో 6తో భాగిస్తే 15. జీఎస్టీతో సహా ఒక నొక్కుకు అంతకు మించితే ఆ మాట మనకు పనికిరాదు, ఎంతమంది వెతికినా సరే.

"ఇంత చిన్న మాట నెలకు ఎంతమంది వెతుకుతారు?" అని మీరు అడగవచ్చు. నిజమే, మరీ అరుదైన మాటయితే వెతికేవాళ్ళు తక్కువని గూగుల్ దాన్ని పక్కన కూడా పెడుతుంది. అందుకే ఒక్క మాట మీద ఆధారపడకుండా పాతికో ముప్ఫయ్యో చిన్న మాటలు పోగుచేసుకోవాలి. పైగా మన వంటగది ఎంతుంది? నెలకు అరవై డెబ్భై సీసాలు నాణ్యంగా పెట్టగలిగితే గొప్ప. లక్షమంది చూసే మాట మనకెందుకు? సంతలో గొంతు చించుకుని అరవక్కర్లేదు, మన సరుకు వెతుక్కుంటూ వచ్చే అరవై మందికి మన గుమ్మం కనపడితే చాలు.

ఈ రంగంలో పనిచేసే కుర్రాళ్ళు ఇంకో మాట అంటారు. "ఆంటీ, ఇప్పుడు మాటలు ఎంచుకోవడం పాత పద్ధతి, గూగుల్ యంత్రమే నేర్చుకుని ఎవరికి చూపించాలో చూపిస్తుంది" అని. అందులో నిజం లేకపోలేదు. కానీ యంత్రం నేర్చుకునేది కొనుగోళ్ళు చూసి. రోజుకు వంద ఆర్డర్లు వచ్చే కంపెనీ దగ్గర అది త్వరగా నేర్చుకుంటుంది. వారానికి నాలుగు ఆర్డర్లు వచ్చే మన దగ్గర అది నేర్చుకునేలోపు చీటీ డబ్బు అయిపోతుంది. ఆ చదువుకు ఫీజు మన ఇల్లు ఎందుకు కట్టాలి?

పచ్చళ్ళకే కాదు, చీరలకూ ఇదే వర్తిస్తుంది. పత్తి పండే నేల మనది, నేత ఊళ్ళు మన పక్కనే. "కాటన్ చీరలు" అనే మాట మీద దేశంలో ఉన్న పెద్ద అంగళ్ళన్నీ కూర్చుని ఉంటాయి. "మంగళగిరి నిజాం అంచు చీర", "చీరాల కుప్పడం చీర" అన్న మాటలు తెలిసి వెతికేవాళ్ళు తక్కువే గానీ, వాళ్ళు ఏం కావాలో తెలిసి వచ్చినవాళ్ళు. ఊరి పేర్ల విషయంలో ఒక జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక చీరాల ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది, నరసరావుపేట పల్నాడు జిల్లాకు కేంద్రమైంది. ప్రభుత్వ కాగితాల్లో కొత్త పేరు రాస్తాం. వెతికేవాళ్ళ నోట్లో మాత్రం పాత పేరే ఉండవచ్చు. కాబట్టి జిల్లా పేరు కన్నా ఊరి పేరు నమ్ముకోవడం మేలు. జిల్లాలు మారినా చీరాల చీరాలే.

ఇక్కడిదాకా లాభం గురించి చెప్పాను. ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే సంగతి. బాగా అమ్ముడయ్యే మాటలు కొన్ని ఉన్నాయి, మనం ముట్టుకోకూడనివి. "సేంద్రియ కారం" అనే మాట మీద గిరాకీ ఉంది. మన చేలో మందు కొట్టలేదు కదా అని వాడేస్తుంటారు. మన దేశంలో 2017 నుంచి సేంద్రియ ఆహారానికి విడిగా నిబంధనలు ఉన్నాయి. ధ్రువీకరణ లేకుండా ఆ మాట వేసి అమ్మడం అంత తేలిక కాదు. "షుగర్ తగ్గించే పొడి" ఇంకా ప్రమాదం. మధుమేహం నయం చేస్తుందని ప్రకటించడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. చట్టం సంగతి అటుంచండి, ఆ మాట నమ్మి ఎవరి ఇంట్లోనో పెద్దాయన మాత్రలు మానేస్తే ఆ పాపం ఎవరిది? "గుంటూరు సన్నం" అనే పేరుకు భౌగోళిక గుర్తింపు ఉంది. వేరే రాష్ట్రం కాయ కొట్టించి ఆ పేరు పెట్టడం మన ఊరి రైతు నోటి దగ్గర కూడు లాక్కోవడమే. కారం "ఎర్రగా నిగనిగలాడే" అనే మాట కూడా ఆలోచించి వాడాలి. రంగు మోజులో సుడాన్ అనే పరిశ్రమల రంగు కలిపిన కారం 2005లో బ్రిటన్‌లో బయటపడినప్పుడు అక్కడ వందల రకాల ఆహార పదార్థాలను అంగళ్ళలోంచి వెనక్కి తీయించారు. ఆ కారం వెళ్ళింది మన దేశం నుంచే. ఒక సంచిలో చేసిన మోసం దేశం పేరుకు అంటుకుంది.

"అమెరికాకు పంపుతాం" అనే మాట కూడా అంతే. అక్కడివాళ్ళ నొక్కుకు ఖర్చు ఎక్కువ. పైగా 800 డాలర్ల లోపు పార్సిళ్ళకు ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి అమెరికా ఎత్తేసింది. కొరియరు వాళ్ళతో ఆ ఖర్చు ఎవరిదో ముందు తేల్చుకోకుండా ఆ మాట కొంటే, పచ్చడి అందుకున్న పిల్ల చేతిలో బిల్లు పడుతుంది, మనకు తిట్లు పడతాయి. కీవర్డు అంటే గూగుల్‌తో చేసుకునే బేరమే కాదు, కొనేవాళ్ళకు ఇచ్చే మాట కూడా. ఇచ్చిన మాట నిలబెట్టుకోలేని చోట ఎంత లాభం కనపడినా నేను వద్దంటాను. సీసా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళ 14 అంకెల నంబరు ఎలా ఉండాలో, ప్రకటనలో మాట కూడా అలా అడిగితే చూపించగలిగేలా ఉండాలి.

చివరిగా ఇంటి సంగతి. చాలా ఇళ్ళలో పచ్చడి పెట్టేది ఆమె, యాడ్ ఖాతా తెరిచేది కొడుకో మరిదో. పాస్‌వర్డు వాళ్ళ దగ్గర, కార్డు ఇంకొకరిది. కొడుకు ఉద్యోగానికి బెంగుళూరు వెళ్ళిపోతాడు, ప్రకటన మాత్రం రోజూ డబ్బు తింటూనే ఉంటుంది. ఖాతా మీ పేరున పెట్టుకోండి. ఆపే బటన్ ఎక్కడుందో ముందు నేర్చుకోండి, మిగతావి తర్వాత. రోజుకు 100 రూపాయలు పెడితే ఒక్కోరోజు 200 దాకా ఖర్చవచ్చు, నెల మొత్తం మీద సుమారు 3,040 దాటదు. ఈ సంగతి తెలియక మొదటి వారమే భయపడి మానేసినవాళ్ళు ఉన్నారు. ఏ మాట వెతికితే మీ ప్రకటన కనిపించిందో చూపించే పట్టిక ఖాతాలోనే ఉంటుంది. వారానికి ఒకసారి, పాలవాడి లెక్క చూసినట్టు, అది చూసుకోండి. పనికిరాని మాటలు వద్దు పట్టీలోకి, పనికొచ్చేవి కొనే పట్టీలోకి.

అసలు ప్రకటన మొదలుపెట్టకముందే చేయగలిగిన పని ఒకటుంది, పైసా ఖర్చు లేనిది. ఒక నోటుపుస్తకం తీసుకుని, ఇప్పటిదాకా మీ దగ్గర కొన్నవాళ్ళు ఫోనులో, వాట్సాప్‌లో ఏ మాటలతో అడిగారో వాళ్ళ మాటల్లోనే రాయండి. "పిన్నిగారూ, మొన్నటి నల్ల కారం ఉందా?", "అక్కా, నూనె తక్కువ వేసిన చింతకాయ పచ్చడి పంపుతారా?" ఇలాగే, దిద్దకుండా. తర్వాత ఆ మాటలు ఒక్కొక్కటే గూగుల్‌లో మొదలుపెట్టి, అది కింద ఏమేమి అందిస్తుందో చూసి పక్కన రాసుకోండి. కొత్త కాయ వచ్చి ఇళ్ళలో ఏడాది కారానికి ఏర్పాట్లు జరిగే వేసవిలో ఏ మాటలు వస్తున్నాయో, వానాకాలంలో ఏవి వస్తున్నాయో విడివిడిగా రాసుకోండి. రెండు నెలల్లో ఆ పుస్తకం నిండుతుంది.

ఆ పుస్తకం ఏ కంపెనీ దగ్గరా ఉండదు. మీ చేతి పచ్చడి తిన్నవాళ్ళు మీకు ఇచ్చిన మాటలవి. డబ్బు పెట్టాలనుకుంటే వాటి మీదే పెట్టండి.